ఇంటి కాగితాలకు ఒక పట్టిక
(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాగా పనిచేసికొంటున్నవాణ్ణి. కవిత్వమును గురించి, పురాణములను గురించి చెప్పడానికి మన సంఘములో నాకంటె అర్హులు ఎందరో ఉన్నారు. కార్యదర్శిగారు మాత్రము, “ఇంట్లో పనికివచ్చే సంగతి ఏదైనా నాలుగు మాటలు చెప్పవయ్యా” అన్నారు. నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఏ కాగితము ఎక్కడున్నదో చెప్పడము. ఆఫీసులో నాకు జీతమిచ్చేది అందుకే. ఆ విద్యను ఇంట్లో వాడుకొనక నష్టపోయినవాణ్ణి కనుక, ఆ నష్టము మీకు రాకూడదని ఈ విషయము ఎత్తుకొన్నాను. ఇంటి సమాచారమును కంప్యూటరులో పట్టికలుగా వ్రాసిపెట్టుకొనడము, దానినే డేటాబేసు అంటున్నారు, అది మనవంటి కుటుంబాలకు ఎంత అవసరమో మనవి చేస్తాను.

డేటాబేసు అనగానే భయపడవద్దు. ఇప్పుడే మనమందరమూ పంచాంగ శ్రవణము చేశాము. ఆ పంచాంగమును ఒకమారు తెరిచి చూడండి. అడ్డముగా రోజుకొక వరుస. నిలువుగా తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అని గళ్లు. ఏడాదిలో ఏ రోజుకైనా ఏ అంగము కావలసివచ్చినా వ్రేలు పెట్టి చూపవచ్చు. అదే సమాచారమును కథగా వ్రాసివుంటే, శ్రావణములో ఒక ముహూర్తము చూడడానికి చైత్రమునుండి చదువుకొంటూ రావలసివచ్చేది. వరుసలు, గళ్లు, ప్రతి గడిలోను ఒకే రకము సంగతి. డేటాబేసుకు మూలము ఇంతే. మన తాతముత్తాతలకు అలవాటైనదే.

ఇక నా కథ. మా తాతగారు శ్రీకాకుళము వైపు పల్లెవారు. బెజవాడనుండి కటకము దాకా ఈ తూర్పుతీరపు రైలుదారిని 1893, 1896 సంవత్సరముల మధ్య వేశారు. ఆ దారివెంటనే తరువాతి కాలములో మావంటి కుటుంబాలు ఈ ఖుర్దారోడ్డుకు చేరాయి. తాత గ్యాంగుమేనుగా పనిచేశాడు. మా నాన్న పాయింట్సుమేను. నేను గుమాస్తాను. మూడు తరముల కాగితాలు ఒకే ట్రంకుపెట్టెలో ఉండేవి. తాతగారి పల్లెలోని భూమి శిస్తు రశీదులు, నాన్న జీతపు చీటీలు, మా టీకాల చీటీలు, పాత పెళ్లి శుభలేఖలు, కిరోసిను రేషను పుస్తకము, అన్నీ అందులోనే. “అన్నీ భద్రముగా ఉన్నాయి” అనేవాడు నాన్న. భద్రముగానే ఉన్నాయి. దొరకడమే లేదు.

2012లో నాన్న సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయాడు. నేను ఉద్యోగములో చేరి అప్పటికి ఏడాది. పన్నెండో రోజు గడిచాక అమ్మ పేర కుటుంబ పింఛను కోసము కాగితాలు తీయడానికి పెట్టె తెరిచాము. మా పెద్దచెల్లెలు, నేను, అమ్మ ముగ్గురమూ చాపమీద కూర్చుని రెండు రోజులు వెదికాము. కావలసినవి సగము దొరికాయి. దొరికినవాటిలో అసలు చిక్కు బయటపడింది.

అమ్మ పేరు లక్ష్మితో ముగుస్తుంది. తెలుగులో దానికి ఒకటే రూపము. నాన్న సర్వీసు కాగితములలో ఇంగ్లీషులో ఒక విధముగా వ్రాశారు. ఓటరు కార్డులో చివర అక్షరాలు మార్చి మరొక విధముగా వ్రాశారు. ఇక్కడివారి నోట “క్ష” అన్న అక్షరము “ఖ్య”గా పలుకుతుంది కదా, రేషను కార్డు వ్రాసిన వ్యక్తి తనకు వినబడినట్లు ఒడియాలో వ్రాశాడు. బ్యాంకు పుస్తకము దానినిబట్టి ఇంగ్లీషులోకి మారింది. ఇక ఇంటిపేరు సంగతి మీకందరికీ అనుభవమే. మనకు ఇంటిపేరు ముందు, ఇక్కడివారికి చివర. నాన్నకు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరముగా ముందున్నది. నా స్కూలు సర్టిఫికెట్టులో హెడ్మాస్టరుగారు ఇంటిపేరును పూర్తిగా చివరికి చేర్చారు. కాగితాలు చూస్తే మా నాన్నకు నేను కొడుకును కాను. మా అమ్మ ముగ్గురు వేరు వేరు స్త్రీలు.

ఆ పేర్లన్నీ ఒకే మనిషివని అఫిడవిట్లు, పత్రికా ప్రకటనలు, సాక్షుల సంతకాలు, వీటితో పదకొండు నెలలు గడిచాయి. ఆ ఏడాదే చెల్లెలి పెళ్లి కుదిరివుంది. అమ్మ గాజులు తాకట్టుపెట్టి పెళ్లి జరిపించాము. ఆలస్యానికి నేను ఏ ఆఫీసునూ తప్పుపట్టను. నేనూ గుమాస్తానే. ఆ కుర్చీలో నేనున్నా, “ఈమే ఆమె అని రుజువేమిటి?” అనే అడుగుదును. తప్పు మాదే. నాన్న బ్రతికి ఉన్నప్పుడు ఒక్క సంతకముతో దిద్దించగలిగిన పేర్లను, ఆయన పోయాక పదకొండు నెలలు తిరిగి దిద్దించుకొన్నాము. ఏ కాగితములో ఏ పేరున్నదో మాలో ఎవరికీ ముందు తెలియకపోవడమే దానికి కారణము.

ఆ తరువాత బుద్ధి వచ్చి ఒక పెద్ద నోటుపుస్తకము కొని అన్నీ వ్రాయడము మొదలుపెట్టాను. పుస్తకము మంచిదే. కాని దానిలో ఒక లోపమున్నది. అది వ్రాసిన క్రమములోనే ఉంటుంది. మన ఇళ్లలోని చదివింపుల పుస్తకమునే తీసికొనండి. పెళ్లిలో ఎవరు ముందు చదివిస్తే వారి పేరు ముందు. పదేళ్ల తరువాత వారింట్లో పెళ్లికి శుభలేఖ వస్తుంది. “వీళ్లు మనకెంత చదివించారు?” అని ఆడవాళ్లు పుస్తకము మొదటినుండి చివరదాకా తిరగవేస్తారు. పేర్ల క్రమములో కావాలంటే పుస్తకమంతా మళ్లీ వ్రాయాలి. ఊళ్లవారీగా కావాలంటే మరొకసారి వ్రాయాలి. కంప్యూటరులో అయితే ఒక్కసారే వ్రాస్తాము. పేరు గడిమీద నొక్కితే పేర్ల క్రమము వస్తుంది, ఊరు గడిమీద నొక్కితే ఊళ్ల క్రమము వస్తుంది. “పలాస వారు మాత్రమే” అంటే వారు మాత్రమే కనబడతారు. పుస్తకానికీ డేటాబేసుకూ ఉన్న మొదటి భేదము ఇది.

రెండవ భేదము ఇంకా పెద్దది. దానిని మన రైల్వే ఉదాహరణతోనే చెబుతాను. విజయవాడ స్టేషనుకు మన లెక్కలలో గుర్తు బి.జెడ్.ఎ. అది బెజవాడ అన్న పాత పేరునుండి వచ్చింది. ఊరు పేరు ఎప్పుడో మారింది, గుర్తు మారలేదు. మద్రాసు 1996లో చెన్నై అయింది. సెంట్రల్ స్టేషనుకు 2019లో మరొక పెద్ద పేరు పెట్టారు. అయినా దాని గుర్తు ఎం.ఎ.ఎస్. అనే నేటికీ నడుస్తున్నది. పేరు ఎన్నిసార్లు మారినా, ఎన్ని భాషలలో వ్రాసినా, గుర్తు ఒక్కటే కనుక టిక్కెట్టు తప్పు ఊరికి పోదు. అలాగే మీ టిక్కెట్టుమీది పది అంకెల పి.ఎన్.ఆర్. నెంబరు. ఒక్క నెంబరుకింద ఆరుగురి దాకా ప్రయాణము చేస్తారు. ఆరుగురికీ రైలు పేరు, బయలుదేరే వేళ, దారిలోని స్టేషనులు ఆరుసార్లు వ్రాసిపెట్టరు. రైలు వివరములు ఒక పట్టికలో, మనుషుల వివరములు మరొక పట్టికలో ఉంటాయి. రెంటినీ నెంబరు కలుపుతుంది. 1985-86 ప్రాంతములో న్యూఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలయ్యేనాటికి ముందు, ఈ పని లావుపాటి రిజిస్టరులలో చేతితో జరిగేది. ఒక పెట్టెలోని సీటు ఆ రిజిస్టరు ఉన్న కిటికీలోనే దొరికేది.

ఇలా సమాచారమును చిన్న చిన్న పట్టికలుగా విడదీసి గుర్తులతో కలపాలన్న సిద్ధాంతమును ఎడ్గార్ కాడ్ అనే ఇంగ్లండు దేశీయుడు, అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేస్తూ, 1970లో ఒక వ్యాసముగా ప్రకటించాడు. 1981లో ఆయనకు కంప్యూటరు శాస్త్రములో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానము వచ్చింది. అది పెద్ద కంపెనీల పెద్ద యంత్రములకోసము చెప్పిన మాట. మామూలు మనిషి బల్లమీదికి డేటాబేసు రావడానికి వెనుక ఒక సరదా సంగతి ఉన్నది. వేన్ రాట్లిఫ్ అనే ఆయన అమెరికాలో అంతరిక్ష పరిశోధనశాలలో పనిచేసేవాడు. ఆఫీసులో స్నేహితులు ఫుట్‌బాలు ఆటలమీద వేసుకొనే పందెముల లెక్కలు చూచుకొనడానికి, 1970వ దశకము చివర, ఇంట్లో సొంతముగా ఒక ప్రోగ్రాము వ్రాసికొన్నాడు. అదే తరువాత డీబేస్ అనే పేరుతో లోకమంతటా అమ్ముడుపోయింది. 1992లో మైక్రోసాఫ్టువారి ఆక్సెస్ వచ్చింది. నేడు మన జేబులోని మొబైలులో ఫోను నెంబరులు, సందేశములు ఉండేది కూడా ఎస్‌క్యూలైట్ అనే ఒక చిన్న డేటాబేసులోనే. కనుక మీరు డేటాబేసు వాడాలా వద్దా అని ఆలోచించనక్కరలేదు. వాడుతూనే ఉన్నారు. మన ఇంటి సంగతులకు వాడడమే మిగిలింది.

నేను మొదట చేసిన తప్పు చెబుతాను. పాత కంప్యూటరు ఒకటి కొని, ఉత్సాహముకొద్దీ ఇరవైమూడు గళ్లతో ఒక పెద్ద పట్టిక వేశాను. అగ్గిపెట్టె ధర మొదలు గోడ గడియారము కొన్న తేదీ వరకు అన్నిటికీ గడి. రెండు నెలలు వ్రాశాను. మూడో నెలలో మా ఆవిడ అడిగింది: “ఏమండీ, ఇదంతా వ్రాస్తున్నారు గదా, ఇందులో మీరు ఎప్పుడైనా ఏదైనా వెదికారా?” నేను నోరు తెరవలేకపోయాను. ఒక్కటీ వెదకలేదు. ఆ రాత్రి ఆ పట్టిక తీసివేశాను. మరునాడు ఒక తెల్లకాగితముమీద, మా ఇంట్లో తరచుగా ఎవరైనా అడిగే ప్రశ్నలు మాత్రము వ్రాసికొన్నాము. ఫలానా కాగితము ఎక్కడున్నది? దానిమీద పేరు ఎలా ఉన్నది? ఏది ఎప్పటికి కట్టాలి? ఫలానావారు మనకేమవుతారు, వారి ఫోను నెంబరేది? అమ్మకు ఏ మందు పడదు? ఇంతే. ఆ ప్రశ్నలకు జవాబిచ్చే గళ్లే ఉంచాము. కాబట్టి నా మొదటి సలహా ఇది: ముందు ప్రశ్న వ్రాసికొనండి, తరువాత గడి గీయండి. ఎవరూ అడగని గడి వ్రాసేవాణ్ణి విసిగిస్తుంది. విసుగు వచ్చిన పట్టిక నెలకు చచ్చిపోతుంది.

ఇప్పుడు మా ఇంట్లో నాలుగు పట్టికలున్నాయి. మొదటిది మనుషుల పట్టిక. ప్రతివారికీ ఒక నెంబరు. నాన్నకు 1, అమ్మకు 2, నాకు 3, ఇలాగ. పుట్టినతేదీ, రక్తపు గ్రూపు, పడని మందులు, అంతే. రెండవది కాగితముల పట్టిక. అందులో ఆరు గళ్లు: కాగితము వరుస సంఖ్య, ఎవరిది అన్న నెంబరు, ఏమి కాగితము, దానిమీదున్న నెంబరు, దానిమీద పేరు ఏ అక్షరాలతో ఉన్నదో అవే అక్షరాలు, అది ఉన్న కవరు నెంబరు. ట్రంకుపెట్టె ఇప్పటికీ ఉన్నది. అందులో కాగితాలు పన్నెండు ప్లాస్టిక్ కవరులలో, కవరుమీద నెంబరు వ్రాసి ఉంటాయి. కంప్యూటరు “కవరు 7” అంటుంది. చేయి పెట్టి తీసికొనడమే. కాగితాలు నూటపద్దెనిమిది. రెండు రోజులు వెదికిన పని రెండు నిమిషాలకు దిగింది.

దీనికంటె గొప్ప లాభము మరొకటి. “ఒకే మనిషికి ఏయే కాగితాలలో పేరు వేరు వేరుగా ఉన్నది?” అని కంప్యూటరును అడిగాను. క్షణములో తొమ్మిది కాగితాలు వరుసకట్టి నిలిచాయి. అందులో అమ్మవి మూడు, నావి రెండు, మా పెద్దబాబువి రెండు, మా ఆవిడవి రెండు. పెద్దబాబు ఇంకా నాలుగో క్లాసు. అప్పుడే జనన పత్రములో ఇంటిపేరు ఒక విధముగా, స్కూలులో మరొక విధముగా ఉన్నది. అమ్మమీద వచ్చిన కష్టము వాడికోసము కూడా వరుసలో నిలబడి ఉన్నదన్నమాట. ఏడాది తిరిగి తొమ్మిదింటినీ దిద్దించాము. ఎవరూ పోకముందు, ఏ అవసరమూ రాకముందు దిద్దించాము గనుక, పెద్ద కష్టము కలగలేదు. ఇది నోటుపుస్తకము చెప్పగలిగే జవాబు కాదు.

మూడవది గడువుల పట్టిక. నవంబరులో అమ్మ పింఛనుకు జీవన ప్రమాణ పత్రము ఇవ్వాలి. బీమా వాయిదాలు, ఇంటిపన్ను, బండి ఇన్సూరెన్సు, పిల్లల ఫీజులు. ఒక్క వరుసకు ఏమిటి, ఎప్పుడు, ఎంత, కట్టామా లేదా అని నాలుగు గళ్లు. నెల మొదటి ఆదివారము మా ఆవిడ ఆ పట్టిక తెరిచి ఆ నెలవి మాత్రము వేరుచేసి చూస్తుంది. నాన్న పేర ఉన్న ఒక చిన్న బీమా పాలసీ, చిరునామా మారిన తరువాత నోటీసు అందక, రెండు వాయిదాలు తప్పి రద్దయిపోయిందని ఆయన పోయాక తెలిసింది. ఆ గడి అప్పుడుంటే బాగుండేది.

నాలుగవది బంధువుల పట్టిక. స్వంత ప్రాంతములో ఉన్నవారికి ఇది అంత అవసరము కాకపోవచ్చు. అక్కడ వీధిలోకి వెళితే నాలుగు తరముల చుట్టరికము చెప్పే ముసలమ్మ ఉంటుంది. మనకు ఇక్కడ అలాటి ముసలమ్మలు ఒక్కరొక్కరే వెళ్లిపోతున్నారు. ఎవరి ఆడపిల్లను ఏ ఊరిచ్చారు, ఎవరు సోలాపురములో ఉన్నారు, ఎవరు బరంపురములో ఉన్నారు, వరుస ఏమవుతుంది, ఇవి మా అమ్మ చెబుతుంటే పెద్దబాబు టైపు చేశాడు. ఎండాకాలము సెలవులంతా నానమ్మా మనమడూ అదే పని. వాడికి తెలుగు చదవడము సగము దానితోనే వచ్చింది. “నానమ్మా, వీళ్లు మనకేమవుతారు?” అని అడిగి, మేనత్త, పినతాత, తోడల్లుడు అన్న మాటలు నేర్చుకొన్నాడు.

అదే పట్టికలో తద్దినముల గడి ఉన్నది. ఇందులో ఒక కిటుకు చెప్పాలి. ఇంగ్లీషు తేదీ వ్రాసికొంటే లాభము లేదు, అది ఏటేటా మారుతుంది. మాసము, పక్షము, తిథి అని మూడు గళ్లు వేరువేరుగా పెట్టుకొనండి. ఉగాదినాడు కొత్త పంచాంగము కొనగానే ఆ ఏటి తేదీ పక్కన నింపుకొనవచ్చు. మా ఇంట్లో ఈరోజు సాయంకాలము చేసే పని అదే.

మనుషుల పట్టికను గురించి ఒక మాట మిగిలింది. నాన్న నెంబరు 1 అన్నాను. పట్టిక వేసేటప్పుడు మా ఆవిడ, “మావయ్యగారు లేరు గదా, ఆ వరుస ఉంచాలా?” అని అడిగింది. నేను గుమాస్తా జవాబే చెప్పాను. ఆయన పేరనున్న కాగితాలు, అమ్మ పింఛను, పల్లెలోని భూమి, అన్నీ ఆ ఒకటో నెంబరుకే కట్టివున్నాయి. ఆ వరుస తుడిచివేస్తే అవన్నీ ఎవరివో తెలియకుండా పోతాయి. కనుక తుడవకూడదు, నిర్యాణము అని ఒక గడి పెట్టి తేదీ వ్రాయాలి. అమ్మ పక్కనే వింటున్నది. “అలాగే ఉంచు నాయనా, ఆయన ముందుండాలి” అన్నది. లెక్క ప్రకారమూ అదే సరి.

ఇక పనిలోని జాగ్రత్తలు కొన్ని. బ్యాంకు ఖాతా నెంబరువంటివి అంకెలే అయినా వాటిని కూడము, తీసివేయము. కనుక ఆ గడిని సంఖ్య గడిగా కాక అక్షరముల గడిగా పెట్టుకొనండి. లేకపోతే ముందున్న సున్నాలను కంప్యూటరు మింగివేస్తుంది. ఎక్సెల్‌లో అయితే పదిహేను అంకెలు దాటిన సంఖ్యలో ఆపైవి సున్నాలైపోతాయి. నాకు ఒక ఖాతా నెంబరు ఇలాగే చెడిపోయింది. తేదీని ఏడాది ముందు, తరువాత నెల, తరువాత రోజు వ్రాయండి. అప్పుడు క్రమములో పెట్టినప్పుడు కాలక్రమము సరిగా వస్తుంది. ఒకే ఊరును ఒకచోట బరంపురము అని, ఒకచోట బెర్హంపూరు అని వ్రాయవద్దు. వెదికితే సగమే దొరుకుతాయి. భాష విషయము మాత్రము నిశ్చింతగా ఉండండి. 1991లో వచ్చిన యూనికోడ్ అనే అక్షరముల ఏర్పాటు మొదటి రూపములోనే తెలుగుకూ ఒడియాకూ చోటు ఇచ్చారు. దానివల్ల ఒకే గడిలో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ పక్కపక్కన ఇముడుతాయి. మనవంటి మూడు భాషల కుటుంబాలకు అంతకంటె ఏమి కావాలి?

2019 మే 3వ తేదీన పూరీవద్ద తీరము దాటిన ఫనీ తుఫాను మీకందరికీ జ్ఞాపకమే. మా క్వార్టరు పైకప్పు రేకులు రెండు లేచిపోయి, మంచముకింది ట్రంకుపెట్టెలోకి నీరు వచ్చింది. ప్లాస్టిక్ కవరుల మూలాన చాలా కాగితాలు దక్కాయి. ఏడెనిమిది తడిసి ముద్దయ్యాయి. వాటి నెంబరులు, తేదీలు పట్టికలో ఉన్నాయిగనుక నకళ్లు తెప్పించుకొన్నాము. అయితే మా వీధికి పదమూడు రోజులు కరెంటు లేదు. కంప్యూటరు నల్లని పలక అయి కూర్చుంది, మొబైలు రెండో రోజుకే ఆరిపోయింది. ఆ పదమూడు రోజులూ పనికివచ్చినది పట్టికను కాగితముమీద అచ్చుతీసి, ప్లాస్టిక్ కవరులో బియ్యపు డబ్బాపైన పెట్టిన ప్రతి ఒక్కటే. కాబట్టి పట్టిక మూడు చోట్ల ఉండాలి. ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో వేరే ఇంట, ఒకటి కాగితముమీద. పెన్‌డ్రైవు మా చెల్లెలి ఇంట విశాఖపట్టణములో ఉన్నది. ఏటా ఉగాదికి మార్చుకొంటాము.

గుట్టు సంగతి కూడా చెప్పాలి. మా పక్కింటి మావయ్యగారు ఇది చూసి, “ఇంటి గుట్టంతా యంత్రానికి చెబుతావేమయ్యా?” అన్నారు. ఆయన భయములో న్యాయమున్నది. ఏ.టి.ఎం. పిన్ను, కార్డు వెనుక మూడంకెలు, పాసువర్డులు, ఇవి ఈ పట్టికలో వ్రాయకూడదు. కాగితము ఎక్కడున్నదో చెప్పడమే దీని పని, తాళముచెవి దాచడము కాదు. ఆ ఫైలుకు ఒక పాసువర్డు పెట్టి, ఇంట్లో ఇద్దరికి మాత్రము చెప్పండి. ఒక్కరికే తెలిస్తే మా నాన్న కథే మళ్లీ వస్తుంది. అచ్చుతీసే ప్రతిలో ఖాతా నెంబరుల చివరి నాలుగు అంకెలు ఉంటే చాలు. 2015లో కేంద్ర ప్రభుత్వమువారు పెట్టిన డిజిలాకరులో ఆధారు, మార్కుల పత్రములవంటివి ఉంచుకొనవచ్చు. అది మంచిదే. కాని తాతగారి భూమి రశీదు ఏ కవరులో ఉన్నదో అది చెప్పదు.

ఏ సాఫ్టువేరు కొనాలి అని అడుగుతారు. ఏదీ కొననక్కరలేదు. లిబ్రె ఆఫీసు అనేది ఉచితముగా దొరుకుతుంది, ఇంటర్నెట్టు లేకున్నా పనిచేస్తుంది. అందులో కాల్క్ అనే పట్టికల ప్రోగ్రాముతో మొదలుపెట్టండి. ఒక పట్టికనుండి మరొక పట్టికకు నెంబరుతో కలపవలసివచ్చినప్పుడు బేస్ అనే భాగమునకు వెళ్లండి. అందులో వ్రాయడానికి ఫారము, అడగడానికి క్వెరీ, అచ్చుకు రిపోర్టు అని ఉంటాయి. నాకు అది పట్టుబడడానికి నాలుగు ఆదివారములు పట్టింది. మెట్రిక్ వాడికి నాలుగైతే, ఇక్కడున్న కాలేజీ పిల్లలకు ఒకటి చాలు. కంప్యూటరు లేనివారు మొబైలులో గూగుల్ షీట్సు వాడవచ్చు. అదీ లేనివారు గళ్ల పుస్తకములోనే కాగితానికి ఒక వరుస, కవరుకు ఒక నెంబరు పెట్టుకొనండి. ఉపయోగములో సగము గళ్లలోనే ఉన్నది, సగమే యంత్రములో ఉన్నది.

సోదరీ సోదరులారా, స్వంత ఊరిలో ఉన్న మనిషికి సాక్షి అతని ఊరే. కరణము మొదలు చాకలిదాకా “వీడు ఫలానావాడి కొడుకు” అని చెబుతారు. ఊరు వదిలి మూడు తరములైన మనకు సాక్షి కాగితమే. ఆ కాగితములో మన పేరు తప్పుగా ఉంటే, మనము మనము కాకుండా పోతాము. మా అమ్మకు పదకొండు నెలలు జరిగినది అదే. అందుచేత ఈ ఉగాదినాడు మీకు నా మనవి ఒకటే. ఈ రాత్రి పడుకొనేముందు, ఇంట్లో ముఖ్యమైన పది కాగితాలు తీయండి. ఎవరిది, ఏ నెంబరు, ఏ పేరు, ఎక్కడున్నది అని పది వరుసలు వ్రాయండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని వ్రాయండి, పిల్లలచేత చదివించండి. పది వరుసలు వ్రాసినవారు వంద వ్రాస్తారు. రెండు పేర్లు కలవకపోతే, రేపే దిద్దించుకొనండి. సాయము కావలసినవారు ఆదివారము సాయంకాలములలో మన సంఘము గదికి రండి. నా పాత కంప్యూటరు అక్కడికి తెస్తాను. తోచినంత చెబుతాను.